తువ్వాల కింద తెగిన వేలు

పాము కరిచినవాడికి ఒక గౌరవం ఉంటుంది. ఎద్దు పొడిచినవాడికి అంతకన్నా పెద్ద గౌరవం ఉంటుంది. బతికినంతకాలం చొక్కా పైకెత్తి మచ్చ చూపించుకుంటూ తిరగొచ్చు. టీ గ్లాసు కడుగుతూ చెయ్యి కోసుకున్నవాడికి మాత్రం ఏ గౌరవమూ లేదు. ఎనిమిది నెలలు నన్ను పలకరించిన ప్రతివాడూ "ఎట్లా తెగిందప్పా?" అని ఆత్రంగా అడగడం, నేను చెప్పగానే ముఖం పక్కకు తిప్పి నవ్వు మింగడం. ఆ మింగిన నవ్వులన్నీ కక్కిస్తే కుందూ నది పొంగి పారుతుంది. ఈ కాగితం కోపంతోనే రాస్తున్నాను. కుడిచేత్తో రాస్తున్నాను. రెండూ గమనించండి.

ఆళ్ళగడ్డలో నాది తాళ్ళ అంగడి. పగ్గాలు, ముకుతాళ్ళు, ఎద్దుల మెడలో కట్టే మువ్వల పట్టీలు అమ్ముతాను. అంగడికున్న పేరు చిన్నది, నా కుడిచేతికున్న పేరు పెద్దది. మా వైపు ఎద్దుల బేరం నోటితో ఆడరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి, నాలుగు పడితే నాలుగు, చెయ్యి మొత్తం పిడికిట్లోకి తీసుకుంటే ఐదు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ధర తెలియకూడదు. తువ్వాల కింద చెయ్యి ఉన్నంతసేపూ ఇద్దరూ నోరు తెరవకూడదు. ఎడమచెయ్యి పెట్టకూడదు, పెడితే అవమానం. బేరం కుదిరితే ఇద్దరూ ఎముకలు కలిసిపోయేలా నొక్కాలి. ఆ నొక్కుడే సంతకం. నేను బేరానికి కూర్చుంటే ఎద్దులు కూడా తోక ఊపడం ఆపి చూసేవని మా బామ్మర్ది ఓబులేసు అంటాడు. ఒక రవ్వ ఎక్కువ చెప్పి ఉండొచ్చు. రవ్వే.

ఆషాఢంలో ఒక పొద్దున మా ఆవిడ నాగలక్ష్మికి నడుం పట్టేసింది. "ఒక్క గ్లాసు కడిగితే నీ చేతులేమన్నా అరిగిపోతాయా?" అన్నది. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి గ్లాసు కడిగాను. చేతులు అరగలేదు. గ్లాసు ఇరుకు, నా చెయ్యి వెడల్పు. లోపలికి దూర్చి తిప్పాను. ఫటుక్కుమంది. నడిమి వేలు, ఉంగరపు వేలు మొదళ్ళ దగ్గర అడ్డంగా కోత పడింది. వచ్చిన రక్తంతో మూడెకరాలు తడపొచ్చు. నడుం పట్టేసిన మనిషి ఒక్క ఎగురుకు నా దగ్గరికి వచ్చి చీర కొంగు చుట్టింది.

వీధి చివర ఆసుపత్రికి పోయాం. పేరెందుకు, అలాంటి ఆసుపత్రి ప్రతి ఊర్లోనూ ఉంది. అక్కడి పెద్దమనిషి చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఎవరితోనో ప్లాటు కొలతలు మాట్లాడుతూ ఏడు కుట్లు వేశాడు. "వేళ్ళు ముడువు" అని ఒక్క మాట అడగలేదు. నేను తాళ్ళవాణ్ణి, చినిగిన గోతం కుట్టాల్సి వచ్చినా, ముందు లోపల ఏముందో చెయ్యి పెట్టి చూస్తాను. ఆయన గోతానికిచ్చే మర్యాద కూడా నా చేతికి ఇవ్వలేదు.

తొమ్మిది రోజులు ఆ రెండు వేళ్ళూ బెంచీ ఎక్కించిన పిల్లల్లా నిటారుగా నిలబడి ఉన్నాయి. మిగతావి ముడుచుకుంటున్నాయి, ఇవి కదలవు. కుట్లు విప్పే రోజు అడిగాను.

"వాపుండాదిలే. తగ్గితే అవే ముడుచుకుంటాయి. ఇంగొక వారం జూడు" అన్నాడు.

నాగలక్ష్మి నా చేతిని చూసింది, ఆయన్ను చూసింది. "లెయ్యి. నంద్యాలకు పోదాం" అన్నది. ఇరవై రెండేళ్ళలో ఆమె చెప్పినవన్నీ పక్కన పెట్టి ఆ రెండు మాటలే శిలాశాసనం వేయించవచ్చు.

బస్సులో కండక్టరు నా కట్టు చూసి, "పెద్దాయనకు సీటియ్యండప్పా" అని ఒకణ్ణి లేపాడు. దయగల మనిషే. నాకు యాభై నిండలేదు. సిరివెళ్ళ దాటేదాకా ఆ "పెద్దాయన" నా గొంతులో చేపముల్లులా గుచ్చుకునే ఉన్నాడు.

నంద్యాల డాక్టరు కట్టు విప్పి మొదట అడిగిన మాట: "ముడువండి." అంతే. దానికి యంత్రం అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. తొమ్మిది రోజుల కిందట ఎవరో ఒకరు అనాల్సిన మాట అది.

"ఎవరు కుట్టినారిది?"

చెప్పాను.

"పైన తోలు కుట్టినారు. లోపల వేలిని లాగే నరాలు రెండూ తెగింది తెగినట్టే ఉన్నాయి."

నరం అంటే మనం అనుకునే నరం కాదట, దాన్ని టెండాన్ అంటారట. నాకది ముకుతాడులా అర్థమైంది. ముకుతాడు తెగిన ఎద్దును ఎంత అదిలించినా ఏం లాభం? నా వేళ్ళు రెండూ మాట వినకుండా నిలబడ్డ ఎద్దులు.

ఆపరేషన్ అయింది. దాని గురించి రాయను, నాకు గుర్తున్నది పైన తిరిగే ఫ్యాను మాత్రమే. అసలు కథ ఆ తర్వాత వచ్చిన చీలికది.

చీలిక అంటే స్ప్లింట్, చెయ్యి కదలకుండా బిగించే అచ్చు. ఫిజియోథెరపీ గదిలో పర్వీన్ మేడం అట్టలాంటి ఒక తెల్లటి ప్లాస్టిక్ ముక్కను వేడినీళ్ళలో వేసింది. అది వడియంలా మెత్తబడింది. నా చేతి వెనక వేసి, మణికట్టు వంచి, వేళ్ళు ముందుకు వాల్చి అదిమింది. రెండు నిమిషాల్లో రాయి అయింది. పట్టీలు బిగించాక చూస్తే నా చెయ్యి పడగెత్తిన నాగుపాము. అంగడికి వచ్చినవాళ్ళలో సగంమంది దండం పెట్టారు, మిగతా సగం "యాడ కాటేస్తాదో" అంటూ అంత దూరం నిలబడ్డారు.

"ఆరు వారాలు ఇది తీయగూడదు అంకుల్" అన్నది పర్వీన్. "స్నానానికి గూడా. నిద్రలో గూడా. ఏదీ పట్టుకోగూడదు, ఎత్తగూడదు. గంటకొకసారి ఎడమచేత్తో ఈ వేళ్ళను మెల్లగా వంచి వదలాల. పదిసార్లు. నరం ఇప్పుడు తడి కాగితం మాదిరి అతుక్కోనుండాది. గట్టిగా పిడికిలి పట్టినారంటే తెగిపోతాది."

"అంకుల్" అన్న మాటకు నాకు మండింది కాబట్టి మిగతాది సగమే విన్నాను. ఆమె ఒక చిన్న స్కేలు తీసి, వంచినప్పుడు నా గోటికీ అరచేతికీ మధ్య ఎంత ఎడం ఉందో కొలిచి రాసుకుంది. ఆ ఎడం మూసుకుపోతే నా చెయ్యి నాది. లేకపోతే తువ్వాల వేరేవాడిది. నాకు అర్థమైన లెక్క అదొక్కటే.

శ్రావణమాసమంతా నాగలక్ష్మి నాకు ముద్దలు పెట్టింది. ముద్దకొక మాట. "చిన్నపిల్లోనికన్నా కనాకష్టం." "నోరు తెరువు, తిట్టడానికి గాదు." గుండీలు ఆమే, చెప్పులు ఆమే, మీసం దువ్వేది కూడా ఆమే. అంగట్లోనూ ఆమే కూర్చుంది. నేనున్నప్పుడు వారానికి అమ్ముడుపోయే పగ్గాలు ఆమె రెండు రోజుల్లో అమ్మింది. భార్య అంగడి నడిపినందుకు సంతోషించాల్సింది. నాకు రాత్రంతా కడుపు మండింది. పడగ చేతిని గుండెమీద పెట్టుకుని ఒక మూల కూర్చుని అందరినీ తిట్టుకున్నాను: ప్లాటు కొలతలవాణ్ణి, గ్లాసు చేసినవాణ్ణి, టీ కనిపెట్టినవాణ్ణి.

వారానికోసారి నంద్యాల. ఆ గది బయట కుర్చీలు ఆరు, చేతులు ఇరవై. సంతలో ఎద్దుల పళ్ళు చూసినట్టు అక్కడ ఒకరి కట్టు ఒకరు చూస్తారు. అక్కడే చెన్నమ్మ పరిచయం. పాణ్యం దగ్గర పల్లె, గడ్డికోతలో కొడవలి జారి చూపుడు వేలి నరం తెగింది. నాకన్నా పదేళ్ళు పెద్దది. గంట కొట్టినట్టు పది పది సార్లు వేలు వంచేది, గట్టిగా లెక్కపెట్టుకుంటూ. నేను రెండుసార్లు వంచి పది అయ్యాయని కూర్చునేవాణ్ణి.

"ఏమప్పా, మూడు నుంచి తొమ్మిది దాకా దేవుడు వంచినాడా?" అన్నది ఒకరోజు.

"నీకేం తెలుసమ్మా, నా చెయ్యి ఎట్లాంటి చెయ్యో..."

"ఎట్లాంటిదైతే ఏంది? నాకు ఈ వేలు పోతే కూలి పోతాది, కూలి పోతే కూడు పోతాది. నీకేం పోతాది? మీసం మింద చెయ్యి." నాలుగు, ఐదు అంటూ లెక్కలోకి వెళ్ళిపోయింది.

నాకు వచ్చిన కోపానికి ఆ కుర్చీ కాళ్ళు వంగిపోవాలి. అయినా ఆ రోజు పదిసార్లూ వంచాను.

వినాయకచవితి వెళ్ళింది. ఐదో వారం. కొలత బాగా తగ్గిందని పర్వీన్ మొదటిసారి నవ్వింది. "ఇంగొక్క వారం ఓపిక పట్టండి అంకుల్" అన్నది. మెట్లు దిగేసరికి కింద ఓబులేసు బండి మీద కాచుకుని ఉన్నాడు. గోస్పాడులో వ్యవసాయం చేస్తాడు, బండలాగుడు పోటీలంటే పిచ్చి.

"బావా, ప్యాపిలి నుంచి మద్దిలేటి అమ్మకానికి జత తోలుకొచ్చినాడు. ఎద్దులు గాదు, ఏనుగులు. నా కళ్ళంలో కట్టేసినాడు. నువ్వొచ్చి చెయ్యి పెడితే అయిపోతాది."

"ఈ చెయ్యా?" పడగ చూపించాను.

"ఐదు నిమిషాలు బావా. అక్కకు చెప్పేదెవరు?"

ఇక్కడ మీరు "పోవద్దు" అనుకుంటున్నారు. మీరు తెలివైనవాళ్ళు. ఐదు వారాలుగా ముద్దలు తిన్న మగాడికి, "నువ్వొస్తే అయిపోతాది" అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో మీకు తెలియదు.

కళ్ళంలో పదిహేనుమంది ఉన్నారు. మద్దిలేటి తుమ్మదుంగలాంటి మనిషి, అరచెయ్యి విసనకర్రంత. నా చేతి వైపు చూశాడు. "ఏందన్నా అది?"

"ఏం లేదు. చిన్న గీత" అన్నాను.

తువ్వాల పరిచాను. దాని కింద పట్టీలు చర్రుమని ఊడదీసి చీలికను ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరికీ కనబడలేదు. మొదట మూడు వేళ్ళు పట్టాడు. అడ్డంగా తల ఊపాను. మళ్ళీ పట్టాడు, మళ్ళీ ఊపాను. బుగ్గలో వక్క నములుతూ ఇద్దరం ఆకాశం చూస్తున్నాం. చివరికి కుదిరింది. అతను నొక్కాడు. తిరిగి నొక్కకపోతే బేరం లేదు. నొక్కాను.

టప్‌మంది.

చప్పుడు చెవికి వినబడలేదు, మోచేతికి వినబడింది. తడి తాడు లోపల తెగి, కొస పైకి పాకినట్టనిపించింది. కళ్ళముందు రెండు ఎద్దులు నాలుగయ్యాయి. నేను నవ్వాను. పదిహేనుమంది ముందర, తువ్వాల కింద చచ్చిన వేలితో, నవ్వుతూ తల నిలువునా ఊపాను. ఓబులేసు ఈల వేశాడు. నేను తువ్వాల కిందే చీలిక తొడుక్కుని, పట్టీలు బిగించుకుని, బస్సెక్కాను.

ఏడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే తప్పు నాది. చెప్పకపోతే డాక్టరుది. ఇంత నీచమైన లెక్క వేసిన బుర్ర నాదే. గంటకోసారి వేళ్ళు వంచుతున్నట్టు నటించాను. ఉంగరపు వేలు ఎవరి చేతినుంచో తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది. రోజూ పొద్దున లేవగానే, రాత్రికి రాత్రి అతుక్కుని ఉంటుందేమోనని చూసుకునేవాణ్ణి. ముద్దలు సగంలోనే వద్దనేవాణ్ణి. "కారం ఎక్కువైనాదా?" అని అడిగేది నాగలక్ష్మి. ఆ వారం ఆమె పప్పులో నెయ్యి ఎక్కువ వేసింది. అది ఇంకా గుచ్చుకుంది.

ఆరో వారం ఆమె కూడా వచ్చింది, చీలిక తీసే రోజు కదా అని. పర్వీన్ పట్టీలు విప్పింది. "ముడువండి అంకుల్." నడిమి వేలు వంగింది. ఉంగరపు వేలు వంగలేదు.

పర్వీన్ స్కేలు చేతిలోకి తీసుకుంది.

"ఏం జరిగింది?"

"ఏం లేదు మేడం. నిద్రలో ఏమన్నా..."

నాగలక్ష్మి నా వైపు మెల్లగా తిరిగింది. "పోయిన వారం గోస్పాడులో బేరం జేసినాడంట మేడం. మా తమ్ముడు ఫోన్ జేసి పొగిడినాడు. మా బావ చెయ్యి పడితే తిరుగు లేదు అని. చీలికతో ఎట్లా పట్టినాడో అనుకుంటి." నా మణికట్టు పట్టుకుంది. "తీసేసినావా?"

పర్వీన్ స్కేలును బల్లమీద విసిరికొట్టింది. ఇరవై ఏడేళ్ళుంటాయేమో ఆ పిల్లకు. "ఐదు వారాలు! ఒక్కొక్క గీత తగ్గినప్పుడు నేను ఇంటికి పోయి మా అమ్మకు చెప్పుకునేదాన్ని, మా ఆళ్ళగడ్డ అంకుల్ వేలు వస్తాంది అని. తెగిన రోజే ఎందుకు రాలేదు?"

నన్ను తిడతారని తెలుసు. ఆమె ఇంట్లో నా వేలి గురించి మాట్లాడుకుంటారని తెలియదు.

డాక్టరు చూసి చెప్పాడు: ఆ రోజే వచ్చి ఉంటే మళ్ళీ అతికేదేమో, ఇప్పుడు కొస కుంచించుకుపోయింది, ముంజేతిలోనుంచి వేరే నరం తీసి వెయ్యాలి, పూర్తిగా వంగుతుందని మాట ఇవ్వలేను. బస్సులో ఆళ్ళగడ్డ దాకా నాగలక్ష్మి ఒక్క మాట మాట్లాడలేదు. తిట్లు లేవు, ఎత్తిపొడుపు లేదు. ఇరవై రెండేళ్ళలో ఆమె మౌనం నేను విన్నది అప్పుడే. ఇల్లు చేరాక కంచం పెట్టి, చెంచా పక్కన పెట్టి, లోపలికి పోయింది.

రెండోసారి ఆపరేషన్‌కు పోయిన పొద్దున ఆ కుర్చీల దగ్గర చెన్నమ్మ కనబడింది. ఆమెకు అదే ఆఖరి రోజు. నా సంగతి అప్పటికే అందరికీ తెలుసు. తిడుతుందని తల దించుకున్నాను. ఆమె స్టీలు గ్లాసును ఆ చూపుడు వేలితో, మిగతా వేళ్ళతో గట్టిగా పట్టుకుని నీళ్ళు తెచ్చింది. "జూడప్పా, పట్టుకుంటాండాది" అన్నది. తర్వాత నా పక్కన కూర్చుని, "భయంగుండాదా?" అని మెల్లగా అడిగింది.

"ఉండాది" అన్నాను. ఆ మాట నేను అంతవరకు ఎవరితోనూ అనలేదు.

"ఉండాల. ఈ తూరి పదీ నువ్వే వంచుకో. దేవునికి వేరే పనుండాది."

కార్తీకమంతా మళ్ళీ పడగ. మళ్ళీ ముద్దలు, మూడో రోజుకు నాగలక్ష్మి చెంచా తీసేసి మళ్ళీ తనే పెట్టింది, మాటలు కూడా తిరిగి వచ్చాయి. వాటికి దండం పెట్టుకున్నాను. ఈసారి పదిసార్లంటే పది. గట్టిగా లెక్కపెడితే అంగడికి వచ్చినవాళ్ళు పగ్గాలు లెక్కిస్తున్నాననుకునేవాళ్ళు. ఒకసారి ఆ ప్లాటు కొలతల పెద్దమనిషే మా అంగడికి పలుపు కొనడానికి వచ్చాడు. "ఏమప్పా, వాపు తగ్గిందా?" అన్నాడు. పడగ చెయ్యి ఆయన ముక్కుకు ఆనించి చెప్పాను: "అయ్యా, ఇంగెవరినన్నా కుట్టే ముందు వేళ్ళు ముడువమని అడుగు. నోరు ఫోనుకు పనికొస్తాది గదా, ఈ ఒక్క మాటకు గూడా పనికొస్తాది." ఆయన పలుపు కొనకుండానే వెళ్ళిపోయాడు. ఇది చదివేవాళ్ళకూ అదే చెబుతున్నాను. చేతికి కోత పడితే, కుట్టించుకునే ముందు ఒక్కొక్క వేలూ ముడిచి చూడండి. ఒక్కటి ముడుచుకోకపోయినా కట్టు కట్టించుకుని నేరుగా నంద్యాలకో కర్నూలుకో పోండి. ఇది గ్లాసు కడగడం కన్నా తేలిక.

మాఘం దాటింది. నడిమి వేలు అరచేతిని తాకింది. ఉంగరపు వేలు శనక్కాయంత దూరంలో ఆగింది. ఇంక ఎంత వంచినా అక్కడే. పర్వీన్ ఆఖరిసారి కొలిచి, "ఇది మంచి ఫలితమే అంకుల్" అన్నది. ఆమె ముఖంలో మాత్రం ఆ శనక్కాయ కనబడింది.

ఫాల్గుణంలో ఓబులేసు మళ్ళీ వచ్చాడు, ముఖం నేలకేసుకుని. జతలో ఒక ఎద్దు కాలు ఈడుస్తోందట, మద్దిలేటి వేరే ఎద్దు ఇస్తానన్నాడట, దాని ధర తేల్చాలట. నాగలక్ష్మి నన్ను ఆపలేదు. "పో. నోరు వాడు" అన్నది.

అదే కళ్ళం, వాళ్ళే పదిహేనుమంది. మద్దిలేటి కూర్చుని తువ్వాల పరిచాడు. నేను ఆ తువ్వాల తీసి అవతలికి విసిరాను. గుంపు గొణిగింది. ఓబులేసు "బావా, పరువు!" అన్నాడు. ఎండలో, అందరి ముందరా, నా చెయ్యి అతని ముందు చాచాను.

"జూడు మద్దిలేటీ. ఈ వేలు నీ చేతిలో తెగింది."

అతను వేలిని చూశాడు. వక్క నమలడం ఆపాడు. "ఆ దినం... టప్‌మన్న్యాది. నాకు తెలిసింది అన్నా. నా అరచేతికి తెలిసింది. మెటిక విరిగింది అనుకుంటి."

ఎనిమిది నెలల కోపం నా తలలోకి ఒక్కసారిగా ఎక్కింది. "తెలిసిందా? మరి అప్పుడే అనొచ్చు గదా సామీ! ఏమైందన్నా అని ఒక్క మాట!"

"తువ్వాల కింద మాట్లాడగూడదు గదన్నా" అన్నాడు. మెల్లగా అన్నాడు, తప్పు చేసినవాడిలా. "నువ్వు గూడా మాట్లాడలేదే."

అతనికీ తెలుసు, నాకూ తెలుసు, మా ఇద్దరి మధ్యా ఒక గుడ్డ.

మద్దిలేటి తన పెద్ద చేతిని నా వేలి మీద పెట్టాడు. "ఇట్లా వంచితే వస్తాదా?" అని, పర్వీన్ వంచినంత మెత్తగా వంచాడు. వేలు అరచేతిని తాకింది. వదిలాడు. శనక్కాయంత దూరం వెనక్కి పోయింది.

"పదిసార్లు చెయ్యాల" అన్నాను.

చేశాడు. నేను లెక్కపెట్టాను. నాలుగు దగ్గర ఓబులేసు గొంతు కలిపాడు, ఏడు దగ్గర ఇంకొంతమంది. పదీ అయ్యాక ఎద్దు ధర చెప్పాను, నోటితో, గోస్పాడంతా వినేలా.